తప్పటడుగుల బిడ్డకు బొమ్మరైలు



కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పది కుర్చీలు కొనవలసి వచ్చినచో ధరలను పోల్చి చూతురు. వాటి తారతమ్య పట్టిక తయారగును. ఆర్థిక విభాగము ఒక అభ్యంతరము తెలుపును, దానికి సమాధానము వ్రాయుదురు, కడపట ఆర్డరు వెడలును. ఆ ఫైలును నడపిన ఉద్యోగియే సాయంకాలము ఇంటికి పోవుచు, త్రోవలో ఒక దుకాణము ముందు నిలిచి, రెండేండ్ల కుమారునికి ఐదు నిమిషములలో ఒక బొమ్మరైలును కొనివేయును. కుర్చీ విరిగినచో ఆడిటు వారి ప్రశ్న వచ్చును, అంతియే. బొమ్మ విరిగినచో ఆ ముక్క బిడ్డ నోటిలోనికి పోవును. కావున ఈ రెండవ కొనుగోలునకు మొదటిదానిలో సగమైనను విచారణ కావలెనని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఈ ప్రసంగము ఒకటి నుండి మూడేండ్ల వరకు గల బిడ్డలను గురించినది మాత్రమే. ఆరేడేండ్ల బాలుని సంగతి వేరు; వానికి కావలసినదేదో వాడే చెప్పగలడు, చెప్పి సాధింపను గలడు. తప్పటడుగుల బిడ్డ చెప్పలేడు. వాని పక్షమున పెద్దలే యోచింపవలెను.

ఏడాదిన్నర ప్రాయమున బిడ్డ బండిని నేలమీద త్రోయును, త్రోసి దాని వెంట పోవును, తిరుగగొట్టి చక్రములను వ్రేలితో త్రిప్పి చూచును. రెండేండ్లకు పెట్టెలను ఒకదాని వెనుక ఒకటిగా వరుస పెట్టును. కొక్కెము తగిలింప యత్నించును. తగులకున్న కోపించి విసరివేయును. మూడేండ్లు సమీపించునప్పటికి గాని పట్టాలను ఒకదానితో నొకటి కలిపి చుట్టుత్రోవ చేయునంతటి ఓర్పును, వ్రేళ్ళ నేర్పును అలవడవు. ఒక బిడ్డకు ఇవి కొంత ముందుగా రావచ్చును, మరియొక బిడ్డకు ఆలస్యము కావచ్చును. ఈ మూడు అవస్థలకు మూడు తీరుల బొమ్మలు కావలసియుండగా, దుకాణములో మూడును ఒకే అలమారలో ప్రక్కప్రక్కన ఉండును. దుకాణదారుని నడిగినచో అన్నియు అన్ని వయసులకు పనికివచ్చుననియే చెప్పును.

బొమ్మరైలు చరిత్రను చూచినచో అది మొదట పుట్టినది ఇంత చిన్నవారి కొరకు కాదని తెలియును. 1859లో స్థాపింపబడిన జర్మను సంస్థ మార్క్లిన్, 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన కొలతల పట్టాలతో బొమ్మరైళ్ళను ప్రదర్శించెను. నేడు కొన్నవారు రేపు మరికొన్ని పట్టాలు కొని చేర్చుకొనవచ్చునన్న సదుపాయము ఆనాడు ఏర్పడినది. లివర్‌పూలునకు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తాళము త్రిప్పిన నడచు రైళ్ళను తయారు చేయించి అంగడికి పంపెను. విద్యుత్తుతో నడచు రైళ్ళును వచ్చెను, కాలక్రమమున కొలతలు చిన్నవాయెను. ఎచ్.ఓ. అను తరగతి రైలు అసలు బండిలో 87వ వంతు మాత్రమే. దాని పట్టాల నడుమ ఎడము 16.5 మిల్లీమీటర్లు. అంత సన్నని పట్టాలమీద బండి చక్రములను సరిగా నిలుపుట పెద్దల చేతికే కష్టము. ఇవన్నియు బడియీడు బాలురను, వారికంటె ఎక్కువగా వారి తండ్రులను ఉద్దేశించి చేసినవి. స్వీడను దేశపు బ్రియో సంస్థ 1958లో కొయ్య పట్టాల రైలును వెలువరించినది. దానికి తాళము లేదు, తీగ లేదు. కొయ్యలో తొలిచిన గాడులే పట్టాలు. బిడ్డ చేయియే ఆవిరి. తప్పటడుగులు దాటి వచ్చుచున్న బిడ్డ చేతికి అందిన రైలు ఇదియని చెప్పవచ్చును.

కాని తండ్రులు కొనునది తరచుగా అది కాదు. ఒక తండ్రిని ఊహింపుడు. ఆయన బాల్యము ఏ నెల్లూరు జిల్లాలోనో, ఖమ్మము జిల్లాలోనో రైలుగేటు ప్రక్క పల్లెలో గడచినది. మెయిలు పోవు వేళకు పరుగెత్తి గేటు కమ్మి పట్టుకొని నిలిచి, పెట్టెలు లెక్కపెట్టిన కన్నులవి. తాటికాయ చక్రముల బండి తప్ప ఆయనకు బొమ్మ యెరుక లేదు. నేడు జీతము వచ్చుచున్నది, ఎదుట గాజు పెట్టెలో దీపము వెలుగు ఇంజను, సిగ్నలు స్తంభము, స్టేషను, పొగ. ఆయన చేయి జేబులోనికి పోవుటలో వింత యేమున్నది? ఇందులో తప్పును లేదు. ఆ రైలును తన కొరకే కొన్నానని ఒప్పుకొని, బిడ్డ కెదిగిన యీడు వచ్చువరకు అలమార పై అరలో ఉంచుకొనవచ్చును. అట్లుగాక దానిని రెండేండ్ల బిడ్డ పుట్టినరోజునాడు హాలులో పరచినచో జరుగునది ఇది: అండాకారపు పట్టాలమీద బండి తానే తిరుగును. బిడ్డ రెండు నిమిషములు కన్నులు విప్పార్చి చూచును. పిమ్మట చేయి చాచును. బండి పట్టా తప్పును. "ముట్టకురా, పాడైపోతుంది!" అని తండ్రి కేక వేయును. ఆ సాయంకాలము ఆ మాట ఇరువదిసార్లు వినబడును. కొన్నది బిడ్డ కొరకు, ముట్టరానిదియు బిడ్డకే.

ఇక బిడ్డ క్షేమమునకు సంబంధించిన సంగతులు. వీటిని కొంత వివరముగా చెప్పక తప్పదు.

2020 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము బొమ్మల నాణ్యతను గురించి ఒక ఉత్తర్వు జారీ చేసెను. అది 2021 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలు దేశమున తయారైనవైనను, విదేశములనుండి దిగినవైనను, వాటిపై భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెనని దాని సారాంశము. విద్యుత్తు లేని బొమ్మలకు ఐ.ఎస్. 9873, విద్యుత్తుతో గాని బ్యాటరీతో గాని నడచువాటికి ఐ.ఎస్. 15644 వర్తించును. ముద్రకు పైన ఈ సంఖ్యయు, క్రింద లైసెన్సు సంఖ్యయు ఉండును. ఆ లైసెన్సు నిజమైనదో కాదో సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఫోను మీదనే చూచుకొనవచ్చును. టోకు బజారులో చౌకగా దొరకు రైళ్ళ పెట్టెలపై ఈ ముద్ర యున్నదో లేదో త్రిప్పి చూచువారు అరుదు. చిన్న శిశువు ముఖమును, 0–3 అను అంకెలను వేసి అడ్డముగా గీత కొట్టిన గుర్తు కొన్ని పెట్టెలపై ఉండును. మూడేండ్ల లోపు వారికి తగదని దాని అర్థము. "మావాడు చురుకైనవాడు, వయసుకు మించిన తెలివి" అని ఆ గుర్తును త్రోసిపుచ్చు తలిదండ్రులు కలరు. ఆ గుర్తు తెలివిని గురించినది కాదు, గొంతును గురించినది.

మూడేండ్ల లోపు వారి బొమ్మలలో విడి ముక్కలు ఎంత పెద్దవిగా ఉండవలెనో కొలుచుటకు పరీక్షశాలలలో ఒక గొట్టము వాడుదురు. దాని లోపలి వ్యాసము 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉండి, లోతు ఒక వైపు 25.4, మరియొక వైపు 57.1 మిల్లీమీటర్లు ఉండును. ఎటు తిప్పియైనను ఏ ముక్క ఆ గొట్టములో పూర్తిగా ఇమిడిపోవునో ఆ ముక్క బిడ్డ గొంతులో అడ్డుపడగలదని లెక్క. మన పది రూపాయల నాణెము వ్యాసము 27 మిల్లీమీటర్లు. గొట్టపు నోరు దానికంటె కొంచెమే పెద్దది. రైలు పెట్టెను విప్పించి, పొగగొట్టము, దీపము, చక్రపు మూత, బొగ్గు ముద్దలు, టోపీ పెట్టుకొన్న డ్రైవరు బొమ్మ, వీటిలో ఏది ఊడి వచ్చునో లాగి చూడవలెను. దుకాణదారుడు ముఖము చిట్లించిన చిట్లించుగాక.

అంతకంటె భయంకరమైనవి గుండీవంటి చిన్న బ్యాటరీలు. ఇరువది మిల్లీమీటర్ల లిథియము బిళ్ళ బిడ్డ అన్నవాహికలో చిక్కుకొన్నచో, లాలాజలమువలన విద్యుత్తు ప్రవహించి అచ్చట క్షారము పుట్టును. రెండు గంటలలోనే తీవ్రమైన గాయము కాగలదు. బిడ్డ మొదట ఏడ్వకపోవచ్చును, కొంచెము చొంగ కార్చవచ్చును, అన్నము వలదనవచ్చును. మ్రింగెనేమోనను అనుమానము కలిగినంతనే, వాంతి చేయింప యత్నింపక, తెల్లవారువరకు ఆగక, పెద్ద ఆసుపత్రికి పరుగెత్తవలెను. బ్యాటరీ ఉన్న రైలే కొనవలసి వచ్చినచో, దాని అర మూత స్క్రూతో బిగింపబడి, పనిముట్టు లేనిదే తెరువరానిదై యుండవలెను. కొయ్య రైళ్ళ పెట్టెలను కలుపుటకు కొక్కెములకు బదులు అయస్కాంతములు వాడుదురు. బిడ్డకు అవి యెంతో వేడుక. ఒక వైపు అంటుకొనును, త్రిప్పి పెట్టినచో దూరముగా త్రోయును. కాని అవి కొయ్యలోనో లోహపు తొడుగులోనో గట్టిగా పొదిగియుండవలెను. ఊడిన అయస్కాంతములు రెంటిని బిడ్డ మ్రింగినచో అవి కడుపులో ఒకదానినొకటి ఆకర్షించి నడుమ చిక్కిన ప్రేగు గోడకు రంధ్రము చేయగలవు.

ఇచ్చట మన దేశపు బొమ్మలను గురించి ఒక మాట చెప్పవలసి యున్నది. కొండపల్లి, ఏటికొప్పాక అనగానే ప్రవాసమున నున్న తెలుగువాని గుండె కరగును. బిడ్డకు స్వదేశపు రైలే కొనవలెనన్న ఉత్సాహము పుట్టును. ఉత్సాహము మంచిదే, కాని ఆ రెండును ఒకటి కావు. కొండపల్లి బొమ్మను తేలికైన తెల్ల పొణికి కఱ్ఱతో చెక్కి, అవయవములను వేర్వేరుగా చేసి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, పైన రంగులు పూయుదురు. అది చూచుటకు, దసరా కొలువులో పెట్టుటకు ఉద్దేశించిన కళ. దంతములు వచ్చుచున్న బిడ్డ దానిని కొరికిన బొమ్మయు చెడును, రంగును కడుపులోనికి పోవును. ఏటికొప్పాక పద్ధతి వేరు. వరాహ నది ఒడ్డున నున్న ఆ గ్రామములో అంకుడు కఱ్ఱను తరిణె పట్టి, అది తిరుగుచుండగనే రంగు కలిపిన లక్కను ఒత్తి పట్టుదురు; ఆ వేడికి లక్క కరగి కఱ్ఱకు అంటుకొని నునుపు దేరును. నడుమ రసాయనపు రంగులు వచ్చి చేరగా, చెట్టు బెరళ్ళనుండి, ఆకులనుండి, గింజలనుండి తీయు రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చుటకు శ్రమించినవారిలో శ్రీ సి. వి. రాజు గారు ముఖ్యులు. వారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అంచులు లేని గుండ్రని పెట్టెలు, లావుపాటి చక్రములు గల లక్క రైలు తప్పటడుగుల బిడ్డకు చక్కగా అమరును. అయితే రిజిస్టరైన హస్తకళాకారుల బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకును పైన చెప్పిన ముద్ర నుండి మినహాయింపు కలదు. ప్రభుత్వము చేసిన ఆ మినహాయింపు న్యాయమైనదే. ఇంటిలో తరిణె పెట్టుకొన్న వృత్తికారుడు పరీక్షశాల ఖర్చు భరింపలేడు. దాని ఫలితముగా విచారణ భారము కొనువానిపై పడినది. రంగు ఏదని అడుగవలెను, తడి గుడ్డతో రుద్ది చూడవలెను, చక్రపు మేకును లాగి చూడవలెను. ఊరి పేరు చూచి నమ్మి కొనరాదు. ఆ పేరుతో ఇతరచోట్ల తయారగు సరకును బజారులో కలదు.

లాగుడు త్రాడును గురించి కూడ చెప్పవలెను. నడక నేర్చుచున్న బిడ్డకు బండిని వెనుక లాగుకొని పోవుట మహానందము. ఆ త్రాడు మెడకు చుట్టుకొనునంత పొడవు ఉండరాదు, బిడ్డ ఒంటరిగా నున్నప్పుడు బండిని వానికి విడువరాదు.

సరే, ఎన్ని ముక్కల రైలు కొనవలెను? పెట్టెపై నూరు ముక్కలని యున్నచో తలిదండ్రులకు గిట్టుబాటైనట్లు తోచును. రెండేండ్ల బిడ్డకు నూరు ముక్కలు అనగా నూరుసార్లు పారవేయుట, తల్లి నూరుసార్లు ఏరుట. మొదటి రైలుకు ఒక ఇంజను, రెండు పెట్టెలు చాలును. పట్టాలు అక్కరలేదు. ప్రభుత్వ వసతి గృహముల మొజాయిక్ నేలలో రాళ్ళ పలకల నడుమ గీతలున్నవి. బిడ్డలు ఆ గీతలనే పట్టాలు చేసికొందురు. రెండేండ్లు దాటిన పిదప పట్టాలు తెచ్చినను మొదట వంపు పట్టాలు ఎనిమిదియో పదియో, నిలువు పట్టాలు నాలుగో చాలును. వంతెన, సొరంగము తరువాత. కొయ్య పట్టాలు తయారు చేయు వేర్వేరు కంపెనీల ముక్కలు చాల వరకు ఒకదానితో ఒకటి అమరును. అది వాటిలోని గొప్ప సుగుణము. కొనునప్పుడు ఒక పాత పట్టాను జేబులో వేసికొని పోయి తగిలించి చూచినచో సరిపోవును. ప్లాస్టికు రైళ్ళలో ఈ సౌలభ్యము తక్కువ. ఒక కంపెనీ పట్టాకు వేరొక కంపెనీది అతుకదు. ప్లాస్టికు అనగానే ఏవగింపు అక్కరలేదు. లెగో వారి డూప్లో రైళ్ళు 1983 నుండి వచ్చుచున్నవి. వాటి దిమ్మెలు మామూలు లెగో దిమ్మెలకు పొడవున, వెడల్పున, ఎత్తున రెండింతలు, కడిగి ఆరవేయవచ్చును. ధర మాత్రము చిన్న జీతముల వారికి భారము. పై అంతస్తులో కాపురమున్నవారు క్రింది యింటివారి మధ్యాహ్న నిద్రను తలచి, కొయ్య రైలు క్రింద ఒక జంపఖానా పరచుట మర్యాద.

ఇంతవరకు చెప్పినవి గొంతును, కడుపును, జేబును గురించినవి. ప్రవాసాంధ్ర కుటుంబములకు ఇంకొకటి కలదు. అది నాలుకను గురించినది.

అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయమునకు చెందిన అన్నా సోసా అను పరిశోధకురాలు ఒక పరిశీలనను 2016లో పిల్లల వైద్య పత్రికలో ప్రచురించిరి. పది నుండి పదునారు నెలల శిశువులను, వారి తలిదండ్రులను, మొత్తము 26 జతలను తీసికొని, వారి యిండ్లలో మూడు విధముల ఆటవస్తువులిచ్చి మాటలను రికార్డు చేయించిరి. దీపములు వెలిగి, పలికి, పాడు ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడునప్పుడు తలిదండ్రులు తక్కువ మాటలాడిరి. బిడ్డయు తక్కువ పలికెను. దిమ్మెలు మొదలైన పాత తీరు బొమ్మలతో అంతకంటె ఎక్కువ, బొమ్మల పుస్తకములతో మరింత ఎక్కువ మాటలు వెలువడినవి. ఇరువదియారు జతలు చిన్న సంఖ్యయే. దానిమీద పెద్ద సిద్ధాంతము కట్టరాదు. ఐనను ఇంటిలో చూచుచున్నదానికి అది విరుద్ధముగా లేదు. బొమ్మ పాడుచుండగా పెద్దలు ఊరకుందురు, ఫోను చేతికి తీసికొందురు. 2018లో అమెరికా శిశువైద్యుల అకాడమీ బొమ్మల ఎంపికను గురించి వెలువరించిన నివేదికయు సాదా బొమ్మలనే మెచ్చి, బిడ్డతో పెద్దలు కూర్చుండి ఆడుటయే ముఖ్యమని పేర్కొన్నది.

ఢిల్లీలోనో, ముంబయిలోనో, కోల్‌కతాలోనో పెరుగుచున్న తెలుగు బిడ్డ మాట ఆలోచింపుడు. శిశు విహారములో హిందీయో బెంగాలీయో వినును. మెట్లమీద ఆడుకొను తోడి పిల్లలది అదే భాష. బొమ్మరైలు మీట నొక్కినచో అది ఇంగ్లీషులో అక్షరములు చదువును. తెలుగు వినవలసిన చోటు ఇంటి నేల ఒక్కటే. అచ్చటకూడ బొమ్మయే మాటలాడినచో తెలుగునకు వేళ యెప్పుడు? మాటరాని కొయ్య రైలు పట్టుకొని తండ్రి అరగంట నేలమీద చతికిలబడినచో ఎన్ని మాటలు దొరలునో చూడుడు. ముందు, వెనుక, మీద, క్రింద, లోపల, బయట. ఎక్కు, దిగు, ఆగు, పోనీ, తగిలించు, విప్పు. ఎర్ర పెట్టె, పచ్చ పెట్టె, ఒకటి, రెండు. దిండ్లు పెట్టినచో కొండలు, పుస్తకములు నిలిపినచో సొరంగము. చెంచాలు స్టేషనులగును. ఆగ్రా, భోపాల్, నాగపూరు, బల్లార్షా, కాజీపేట, వరంగల్లు, ఖమ్మము, విజయవాడ. వేసవి సెలవులలో తాతగారి యింటికి పోవు త్రోవ అంతయు ఆ చెంచాల వరుసలో ఇమిడిపోవును. ఏ స్టేషనులో అమ్మమ్మ దిగి బిడ్డ నెత్తుకొనునో ఆ చెంచాను బిడ్డ తానే గుర్తుపెట్టుకొనును. గోదావరి జిల్లాల వారింట నైతే రాజమహేంద్రవరపు వంతెన తప్పక వచ్చును. రైలునుండి గోదావరిలో నాణెము వేయు ఆచారమును బిడ్డకు చూపదలచినవారు నాణెమునకు బదులు కాగితపు ముక్క వేయుట మేలు. కారణము ముందే చెప్పబడినది.

బొమ్మను కొనుటకు ముందో వెనుకో బిడ్డకు అసలు రైలును తీరికగా చూపవలెను. ప్రయాణపు తొందరలో, సామానుల నడుమ, బిడ్డ చూచునది పెద్దల కాళ్ళు మాత్రమే. ఢిల్లీలో నున్నవారికి చాణక్యపురిలో 1977 ఫిబ్రవరి 1న ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియము కలదు. పాత ఆవిరి ఇంజనుల చక్రములు అచ్చట రెండేండ్ల బిడ్డ నిలువెత్తుకంటె పెద్దవి. ఆ చక్రమును చూచి వచ్చిన బిడ్డ ఇంటివద్ద తన బొమ్మ చక్రమును మరల తిరగవేసి చూచును.

కడపట ఒక ఆచరణ విషయము. బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడు, బిడ్డ పెద్దవాడైనప్పుడు, రైలును ప్రక్కింటి శిశువునకు ఇచ్చు మంచి వాడుక ఉద్యోగుల కాలనీలలో కలదు. ఇచ్చుటకు ముందు ప్రతి పెట్టెను చేతికి తీసికొని చూడవలెను: చక్రము వదులైనదా, కఱ్ఱ చీలి పేళ్ళు లేచినవా, రంగు పొరలు రాలుచున్నవా, అయస్కాంతము కదలుచున్నదా, బ్యాటరీ మూత స్క్రూ పోయినదా. కొలువు తీరిన ఇంజనుకైనను వీటిలో ఒక్క లోపము కనబడినచో దానిని ఆ మూటనుండి తీసివేసి, మిగిలిన పెట్టెలను మాత్రమే ప్రక్కింటికి పంపవలెను.